పలెంకేలో పకాల్ సమాధి, దాని మీది గుడి

మాయా నాగరికత గురించి చెప్పే చాలా వీడియోల్లో, ఒక రాతి మూత మీద వెనక్కి ఒరిగిన మనిషి బొమ్మను చూపించి, అతడు రాకెట్ నడుపుతున్నాడని చెప్పడం రివాజైపోయింది. ఆ మూత మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో, పలెంకే నగరంలో ఉంది. దాని మీద ఉన్నవాడు క్రీ.శ. 615 నుంచి 683 వరకు ఆ నగరాన్ని ఏలిన కినిచ్ జనాబ్ పకాల్. అతడి కింద నోరు తెరుచుకున్నది పాతాళం, అతడి మీదుగా నిలువునా లేచినది లోకవృక్షం, దాని కొన మీద వాలినది ఒక పక్షి. మూత అంచుల వెంబడి అతడి జనన మరణాల తేదీలు, అతడి పూర్వీకులు గతించిన తేదీలు చెక్కి ఉన్నాయి. ఇంత వివరంగా తన పుట్టుపూర్వోత్తరాలు రాయించుకున్న రాజును అంతరిక్షానికి పంపడం అన్యాయమనే నాకు అనిపిస్తుంది. అబ్బురపడదలిస్తే ఆ మూత చుట్టూ లేచిన కట్టడమే చాలు.

పకాల్ 12 ఏళ్ల వయసులో గద్దెనెక్కేనాటికి నగరం చితికిపోయి ఉంది. సర్పవంశపు రాజులు (వీరు తర్వాతి కాలంలో కలక్ముల్ అనే మరో మాయా నగరం నుంచి ఏలారు) 599లో ఒకసారి, 611లో మరోసారి దాడి చేశారు. తల్లి సాక్ కుక్ చేతుల మీదుగా పకాల్ కిరీటం అందుకుంటున్న దృశ్యం రాజప్రాసాదంలోని ఒక గోడ మీద, అండాకారపు రాతి పలకపై నేటికీ కనిపిస్తుంది. ఆ పలక ఉన్న భవనం 654 నాటిది, అంటే పట్టాభిషేకం జరిగిన దాదాపు 40 ఏళ్లకు కట్టినది.

రాళ్లను వంపుగా ఒకదానికొకటి బిగించే కమానును మాయా మేస్త్రీలు వాడలేదు. ఎదురెదురు గోడల నుంచి ఒక్కొక్క వరుస రాయిని కాస్త ముందుకు జరుపుకుంటూ పోయి, పైన మిగిలిన సందును పలకతో మూసేవారు. మన పాత గుళ్లలో చాలాచోట్ల కప్పు వేసిన పద్ధతీ ఇంచుమించు ఇదే. ఈ పద్ధతిలో కప్పు బరువుకు గోడలు లావెక్కుతాయి, గది ఇరుకవుతుంది. తికాల్ అనే మరో మాయా నగరపు ఆలయాల్లో జరిగింది అదే. పలెంకే మేస్త్రీలు మాత్రం రెండు వసారాలను పక్కపక్కనే కట్టి, నడిమి గోడను రెండింటికీ ఉమ్మడిగా ఉంచి, రెండు కప్పులూ దాని మీదికే వాలేటట్లు చేశారు. లోపలి కప్పు వాలుకు తగ్గట్టు బయటి కప్పునూ ఏటవాలుగా చెక్కి, మధ్యలో అనవసరమైన రాతి బరువును తీసేశారు. శిఖరంగా నిలిపిన ఎత్తైన గోడను కూడా జాలీలా కన్నాలు పెట్టి, సరిగ్గా ఆ నడిమి గోడ నెత్తినే నిలబెట్టారు. అందువల్ల పల్చటి గోడలు, వెడల్పాటి వాకిళ్లు సాధ్యమయ్యాయి. పలెంకేలోని ఆకుల శిలువ ఆలయం అనే గుడి ముందుభాగం కూలిపోవడంతో, ఈ అమరిక అంతా నిలువునా కోసి చూపినట్టు బయటి నుంచే కనిపిస్తుంది.

అక్కడ వానలు విపరీతం. స్తంభాల మీది గచ్చు బొమ్మలు తడవకుండా చూరులను బాగా ముందుకు చాచారు. ఓటోలూమ్ వాగును రాజప్రాసాదం పక్కగా అదే పద్ధతి కప్పుతో కట్టిన రాతి కాలువలోకి మళ్లించారు.

ఇక శాసనాల ఆలయం. 9 అంతస్తుల దిమ్మె మీద, 5 వాకిళ్లతో ఉన్న ఈ గుడి నేలలో ఒక పలకకు కన్నాలు ఉండడం, వాటిని రాతి బిరడాలతో మూసి ఉండడం పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్టో రూస్ గమనించాడు. గోడలు కూడా నేల దగ్గర ఆగకుండా ఇంకా కిందికి దిగుతున్నాయి. పలకను లేపితే రాళ్లూ రప్పలతో కావాలనే పూడ్చేసిన మెట్లు బయటపడ్డాయి. వాటిని ఖాళీ చేయడానికే కొన్నేళ్లు పట్టి, 1952లో గానీ అడుగున ఉన్న గది తెరుచుకోలేదు. లోపల ఒకే బండను తొలిచిన పకాల్ శవపేటిక (మొదట చెప్పిన మూత దీనిదే), దాని పక్కల మీద కొకో, అవకాడో వంటి చెట్లతో పాటు నేల నుంచి మొలుచుకొస్తున్న పూర్వీకులు, పేటికలో ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం పూసిన అస్థికలు, ముఖానికి జేడ్ ముక్కలతో పేర్చిన ముసుగు ఉన్నాయి. ఆ పేటిక ఆ మెట్ల దారిన పట్టదు. కాబట్టి ముందు పేటికను, గదిని సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే వాటి మీద ఆ దిమ్మెను లేపారన్నమాట. గది నుంచి మెట్ల వెంబడి గుడి నేల దాకా ఒక సన్నని రాతి గొట్టాన్ని కూడా వదిలారు. చనిపోయిన రాజుతో పైనున్నవారికి సంబంధం తెగిపోకుండా ఉండడానికేనని పండితుల అభిప్రాయం.

గుడిని పూర్తి చేసినవాడు కొడుకు కాన్ బహ్లమ్. శిలువ ఆలయాలని పిలిచే మూడు గుళ్లనూ 692లో ప్రతిష్ఠించినది అతడే. అతడి తమ్ముడు 711లో పొరుగునున్న తోనినా వారికి బందీగా చిక్కాడు. పలెంకేలో దొరికిన చివరి తేదీ 799 నాటిది, అదీ ఒక కుండ మీద.

పకాల్ వయసు మీద మాత్రం చాలాకాలం తగవు నడిచింది. శాసనాల లెక్కన అతడు 80 ఏళ్లు బతికాడు. ఎముకలను మొదట పరీక్షించినవారు 40 ఏళ్ల మనిషివని తేల్చారు. ఆ తర్వాత కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షించినప్పుడు అవి వృద్ధుడివేనని తేలి, మొగ్గు శాసనాల వైపే వచ్చింది.