రికార్డుల మేనేజ్‌మెంట్ నుంచి డేటా ప్రైవసీకి: నా అనుభవం

ఏళ్ల తరబడి ఎలక్ట్రానిక్ రికార్డులు చూసి డేటా ప్రైవసీ వైపు మారేటప్పుడు మొదట అడ్డం పడింది పేర్లే. గడువు తీరిన రికార్డును వదిలించుకోవడాన్ని మేం డిస్పొజిషన్ అంటాం; ప్రైవసీ వాళ్లకు అది డిలీషన్. మా ఫైల్ ప్లాన్ (రికార్డుల వర్గీకరణ పట్టిక) రికార్డు ఏ పనిలోంచి పుట్టిందో చెబుతుంది. వాళ్ల డేటా క్లాసిఫికేషన్ చాలాసార్లు అది ఎంత గోప్యమో మాత్రమే చెబుతుంది. రెండూ ఒకటేనని రెజ్యూమెలో రాస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతాం.

"రికార్డులు నిర్వహించాను" అన్న వాక్యం తీసేశాను. ఏ సిస్టమ్ నుంచి ఎక్కడికి ఎన్ని ఫైళ్లు తరలించాం, అందులో నా నిర్ణయం ఏది, చెడకుండా చేరాయని ఎలా రుజువు చేశాం అన్నవి రాశాను. మైగ్రేషన్‌కు ముందూ తర్వాతా ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌లు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్‌లు) పోల్చడం మనకు రోజువారీ పని. బయటివాళ్లకు అది నమ్మకం కలిగించే ఆధారం.

అసలు లోటు డేటాబేస్‌లో బయటపడింది. డాక్యుమెంట్ సిస్టమ్‌లో రికార్డంటే ఒక ఫైలు. డేటాబేస్‌లో అదే ఉద్యోగి రికార్డు నాలుగైదు టేబుళ్లలో ముక్కలై ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ల కన్నా ముందు డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ పట్టుకున్నాను. ఉద్యోగులు, జీతాలు, సెలవులు అని మూడు టేబుళ్లు కట్టి, "ఉద్యోగం వదిలిన 7 ఏళ్లకు తొలగించు" అన్న ఒక్క నియమాన్ని అమలు చేయడమే సాధన. తప్పులన్నీ అక్కడే నేర్చుకోవచ్చు.

ఉద్యోగం వదిలిన తేదీ నల్‌గా, అంటే ఖాళీగా ఉంటే ఆ వరుస తొలగింపు జాబితాలోకి ఎప్పటికీ రాదు, ఎందుకంటే నల్‌తో ఏ పోలికా నిజం కాదు. అలాంటివాటికి విడిగా క్వెరీ రాయాలి. సెలవుల టేబుల్‌తో ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ ఉన్నవాటినే కలపడం) చేస్తే ఒక్క సెలవూ పెట్టనివాళ్లు మాయమవుతారు; మొదటి టేబుల్ వరుసలన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్ కావాలి. ఫారిన్ కీ (ఒక టేబుల్ వరుసను మరో టేబుల్‌కు ముడివేసే లింకు) డిలీట్‌ను ఆపితే మంచిదే, కనీసం తెలుస్తుంది. ప్రమాదమంతా ఆన్ డిలీట్ కాస్కేడ్‌తోనే (ఒక వరుస తీస్తే దానికి ముడిపడినవీ తీసేసే అమరిక): ఇంకా ఉంచాల్సిన జీతాల వరుసలు కూడా చప్పుడు లేకుండా పోతాయి. లీగల్ హోల్డ్‌ను (కోర్టు కేసు వంటి వాటి కోసం రికార్డు తీయకుండా ఆపే ఆదేశం) జాబితా తీసినప్పుడే కాదు, తొలగించే క్షణాన మళ్లీ చూడాలి; ఈలోగా ఆమోదాలకు వారాలు పడుతుంది, కొత్త హోల్డ్ రావచ్చు. బ్యాకప్ తిరిగి ఎక్కిస్తే తొలగించినవన్నీ లేచి వస్తాయి కాబట్టి, తొలగించిన ఐడీల జాబితా దాచుకుని మళ్లీ నడపాలి.

ఆలోచన మారడానికి మాత్రం ఎక్కువ కాలం పట్టింది. రికార్డుల వాళ్లం షెడ్యూల్‌లోని (ఏ రికార్డు ఎంతకాలం ఉంచాలో చెప్పే పట్టిక) 7 ఏళ్లను "అంతకు ముందు తీయకూడదు" అని చదువుతాం. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 5వ ఆర్టికల్, వ్యక్తుల వివరాలను అవసరానికి మించి ఉంచకూడదంటుంది. అంటే అదే అంకె గరిష్ఠ పరిమితి కూడా. 17వ ఆర్టికల్ కింద ఎవరైనా తమ డేటా తొలగించమన్నా, చట్టం ఉంచమన్న రికార్డుకు మినహాయింపు ఉంది; ఆ చట్టం పేరు చూపగలగాలి. కనుక షెడ్యూల్‌లో ప్రతి వరుసకూ కనిష్ఠ గడువు, గరిష్ఠ గడువు, ఆధారమైన చట్టం, గడువు లెక్క ఏ సంఘటనతో మొదలవుతుంది, ఆ తేదీ ఏ టేబుల్‌లో ఏ కాలమ్‌లో ఉంది అన్నవి చేర్చాను. చివరి కాలమ్ నింపడం అన్నిటికన్నా కష్టం. నా పనికి నమూనాగా పది వరుసల ఆ పట్టికనే ఇంటర్వ్యూలకు తీసుకెళ్లాను, వ్యక్తుల వివరాలేవీ లేకుండా.