మొదటి నాలుగు వాక్యాలు కొట్టేశాక

గురువారం, రాత్రి 10:40

పొద్దున్నుంచి ముసురు వదల్లేదు. ట్రంకు రోడ్డంతా బురద. అయినా సాయంత్రం బ్యాచీకి పదకొండు మంది పిలకాయలు తడుచుకుంటూ వచ్చారు, కాయితాలు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని భద్రంగా తెచ్చారు. పోయిన వారం ఇచ్చిన పని ఇది: మన నెల్లూరు, ప్రకాశం వైపు ఏదో ఒక విషయం మీద ఆరు వందల పదాల ఇంగ్లీషు వ్యాసం. చదివేవాడు మన వైపు ఎప్పుడూ రానివాడు అనుకుని రాయాలి.

ఒక్కటి తప్ప అన్నీ దిద్దడం ఇప్పుడే అయింది. దిద్దుతూ గమనించినవి మర్చిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

రొట్టెల పండుగ వ్యాసం "ఇండియా ఈజ్ ఎ ల్యాండ్ ఆఫ్ ఫెస్టివల్స్" అని మొదలైంది. చేపల పులుసు వ్యాసం "ఫుడ్ ఈజ్ ఎ బేసిక్ నీడ్" అని. పులికాట్ పక్షుల వ్యాసం "నేచర్ ఈజ్ ఎ గిఫ్ట్ ఆఫ్ గాడ్" అని. మూడింటిలోనూ వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. ఆ వాక్యాలు పరీక్షలో పది మార్కుల జవాబు కోసం కంఠతా పట్టినవి, అందుకే తప్పు లేకుండా వచ్చాయి. ఇంగ్లీషు సరిగ్గా రాదేమోనన్న భయం ఉన్నవాళ్లు ముందుగా పట్టుకునేది ఇట్టాంటి వాక్యాలనే. చదివేవాడికి వాటిలో ఏమీ దొరకదు, రెండో వాక్యానికే కాయితం పక్కన పెట్టేస్తాడు.

రొట్టెల పండుగ వ్యాసంలో మొదటి నాలుగు వాక్యాలు కొట్టేశాను. ఐదోది "పీపుల్ స్టాండ్ ఇన్ వాటర్ అండ్ ఎక్స్‌చేంజ్ రోటీస్". వ్యాసం నిజంగా అక్కడ మొదలైంది. మిగతా వాటిలో కూడా ఇంచుమించు ఇదే లెక్క: మూడో వాక్యమో ఐదో వాక్యమో అసలు మొదలు. ముందున్నదంతా పెన్ను వేడెక్కడానికి రాసుకున్నది. రాసుకోవచ్చు, తప్పు లేదు. పంపే ముందు తీసెయ్యాలి, అంతే.

రొట్టెల పండుగ మీద రాసిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "నీళ్లు ఎంత లోతమ్మా?" "మోకాళ్ల దాకా, సార్." "ఎవరు నిలబడ్డారు?" "మా అమ్మ." "ఏ రొట్టె కోసం?" "అన్నకి ఉద్యోగ రొట్టె, సార్." ఇదంతా తెలిసిన పిల్ల వ్యాసంలో ఒక్క ముక్క రాయలేదు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో విద్యా రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుందనీ, కోరిక తీరినవాళ్లు తెచ్చి ఇస్తే కోరుకునేవాళ్లు అందుకుంటారనీ, తీరాక మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారనీ మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని రాయడం మానేస్తారు. బయటివాడికి కావాల్సింది సరిగ్గా అదే.

ఇద్దరం కలిసి మొదలు మార్చాం: "మై మదర్ ఈజ్ స్టాండింగ్ నీ-డీప్ ఇన్ ది లేక్, లుకింగ్ ఫర్ ఎ స్ట్రేంజర్ హూ హ్యాజ్ ఎ జాబ్ టు గివ్. ది జాబ్ ఈజ్ ఎ రోటీ." మొదటిదాంట్లో పద్దెనిమిది పదాలు, రెండోదాంట్లో ఐదు. ఒక్క పదానికి కూడా నిఘంటువు తియ్యక్కర్లేదు, ఏడో తరగతి ఇంగ్లీషు చాలు. పొడుగు వాక్యం ఒక ప్రశ్న లేపింది, పొట్టి వాక్యం దానికి సగం జవాబు చెప్పి ఊరుకుంది. మిగతా సగం కోసం మూడో వాక్యం చదవక తప్పదు.

ఇక పండుగ మొహర్రం నెలలో వస్తుందనీ, బారాషహీద్ అంటే పన్నెండు మంది అమరులనీ చెప్పాలి కదా అంటే, చెప్పాలి, మూడో పేరాలో. అప్పటికి చదివేవాడికి అడగాలని ఉంటుంది. ఒంగోలు అబ్బాయి కూడా ఇక్కడే దెబ్బతిన్నాడు. ఒంగోలు గిత్తల మీద వ్యాసం రాస్తూ, జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు అని మొదలుపెట్టాడు. రెండూ నిజమే. గిత్త మాత్రం రెండో పేజీలో కనిపించింది. బ్రెజిల్‌లో పెంచే తెల్ల పశువుల జాతికి "నెలోర్" అని పేరు, అది మన నెల్లూరు పేరే, వాటి మూలం మన ఒంగోలు జాతే. ఆ సంగతి వాడి వ్యాసం చివర్లో ఒక మూల పడి ఉంది. దాన్ని ఎత్తుకొచ్చి మొదట్లో పెట్టమన్నాను. 1970, 1972 మొత్తానికే తీసెయ్యమన్నాను, గిత్తలకు వాటితో పని లేదు.

తప్పుల సంగతికి వస్తే, ఈ పదకొండింటిలో ఎర్ర సిరా ఎక్కువ పడిన చోట్లన్నీ ఒకటే చెబుతున్నాయి. పిలకాయలకు ఇంగ్లీషు రాక చేసిన తప్పులు తక్కువ, తెలుగు బాగా వచ్చి చేసినవి ఎక్కువ. తెలుగులో ఆ వాక్యం ఎట్టా నడుస్తుందో చూపిస్తే తప్పు వాళ్లకే కనబడుతుంది, మళ్లీ చెప్పక్కర్లేదు.

మైపాడు అబ్బాయిది చూడు. "మా నాన్న తెల్లారుజామున లేచి, పడవ తీసుకుని, వలేసి, చేపలు పట్టి, పదింటికి ఇంటికొచ్చాడు." మనకిది ఒక్క ఊపిరి. లేచి, తీసుకుని, వేసి, పట్టి అని వాక్యం ముగియనివ్వని క్రియలు, అంటే క్త్వార్థకాలు, వరసగా పేర్చుకుంటూ పోయి చివర ఒక్క సమాపక క్రియతో ముగిస్తాం. వాడు దాన్నే "ఆఫ్టర్ గెటింగ్ అప్, ఆఫ్టర్ టేకింగ్ బోట్, ఆఫ్టర్ త్రోయింగ్ నెట్..." అని దించాడు. చదివేవాడు నాన్న ఎక్కడున్నాడా అని వాక్యం చివరిదాకా వెతుక్కోవాలి. ఇంగ్లీషు వాక్యంలో చేసేవాడు, చేసిన పని ముందే కనబడాలి. క్త్వార్థకం వచ్చిన చోటల్లా తెంపమన్నాను: "మై ఫాదర్ గాట్ అప్ ఎట్ త్రీ. హి టుక్ హిజ్ బోట్ అవుట్ అండ్ కాస్ట్ ది నెట్. బై టెన్ హి వాజ్ హోమ్." ఎన్నింటికి లేచాడో అడిగితే మూడింటికన్నాడు, అందుకే "త్రీ" వచ్చి చేరింది. తెల్లారుజామున అంటే ఎవరి తెల్లారుజాము వాళ్లకుంటుంది. మూడు అంటే మూడే.

"ఎ", "యాన్", "ది" బాధ అందరిదీ. తెలుగులో వాటికి సాటి వచ్చే మాట లేదు కాబట్టి చెవికి లోటు తెలియదు. పని జరగడానికి ఒక మోటు సూత్రం చాలు: లెక్కపెట్టగల వస్తువు మొదటిసారి వస్తే "ఎ", అదే వస్తువు మళ్లీ వస్తే "ది". తెలుగులో "ఒక" అని పెట్టి చదివితే అతికిందా, "ఎ". "ఆ" అని పెడితే అతికిందా, "ది". నూటికి నూరుపాళ్లూ కుదరదు కానీ ఈ పదకొండు వ్యాసాల్లో సగానికి పైగా తప్పులు దీంతో పోతాయి. "యాన్" చూపుకు సంబంధించింది కాదు, చెవికి సంబంధించింది. యూనివర్సిటీకి "ఎ", అవర్‌కి "యాన్", ఎమ్మెల్యేకి కూడా "యాన్".

"డిస్కస్ ఎబౌట్" నాలుగు కాయితాల్లో ఉంది, గురించి చర్చించారు అంటాం కాబట్టి. "రీచ్‌డ్ టు నెల్లూరు" మూడింట్లో, నెల్లూరుకి చేరారు కాబట్టి. "మ్యారీడ్ విత్" ఒకదాంట్లో. ఈ మూడు క్రియలకూ వెనక ఏమీ తగిలించక్కర్లేదు. "సిన్స్ టెన్ ఇయర్స్" కూడా అంతే, "పదేళ్లుగా" అని ఎంతకాలమో చెబితే "ఫర్", "2015 నుంచి" అని ఎప్పట్నుంచో చెబితే "సిన్స్". "ఐ యామ్ నోయింగ్", "వి ఆర్ హావింగ్" గురించి మళ్లీ రాయను, గోడ మీద చార్టు ఉంది. "అడ్వైసెస్" మాత్రం రాయాలి: మనకు సలహాలు ఉన్నాయి, ఇంగ్లీషులో ఆ మాటకు బహువచనం లేదు.

పెద్దక్షరాలు ఇంకో తలనొప్పి. మన లిపిలో చిన్నా పెద్దా లేవు. అందుకని పిలకాయలు తమకు ముఖ్యమనిపించిన ప్రతి మాటకూ పెద్దక్షరం పెడతారు, చేపకి, చెరువుకి, అమ్మకి కూడా. సోమవారానికి, జనవరికి మర్చిపోతారు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వారాలు, నెలలు, వాక్యం మొదలు: ముందు వీటికి పెట్టి, మిగతా చోట్ల అనుమానమొస్తే చిన్నక్షరమే పెట్టమన్నాను.

ఫోన్‌లో అనువాదం చేసి తెచ్చింది ఒకటుంది, మూడో వరసలోనే దొరికిపోయింది. "మా అవ్వ పులుసు కాచింది, రాత్రంతా అట్టాగే ఉంచింది" అన్నది తెలుగు. ఇంగ్లీషులో రెండో సగానికి అవ్వ "ఇట్" అయి కూర్చుంది. తెలుగులో "ఉంచింది" అంటే ఆమే, అదీ రెండూ. పైగా కర్తను మింగేసి మాట్లాడటం మనకు అలవాటు. యంత్రానికి అక్కడ ఎవరున్నారో తెలియదు. ఫోన్ వాడొద్దని చెప్పను, చెప్పినా వాడతారు. ఫోన్‌కి ఇచ్చే ముందు ప్రతి తెలుగు వాక్యంలోనూ ఎవరు చేశారో రాయమన్నాను. అంత పని చేశాక సగం మంది ఇంగ్లీషు తామే రాసుకోగలరు, అదీ నా ఆశ.

ఆ పులుసు వ్యాసం నాకు చాలా నచ్చింది, అందుకే దాని మీద కోపం కూడా ఎక్కువే వచ్చింది. పులుసుని "ఫిష్ కర్రీ" అని రాసి, "టేస్టీ", "డెలీషియస్", "మౌత్-వాటరింగ్" అని మూడు విశేషణాలు వేలాడదీశాడు. కర్రీ అనగానే అది నెల్లూరు పులుసు కాకుండా పోయింది. "పులుసు" అనే రాసి, పక్కనే రెండు కామాల మధ్య "ఎ సోర్ టామరిండ్ గ్రేవీ" అని ఒక్కసారి చెబితే సరి. ఆరు పదాలకు మించకూడదు, రెండోసారి చెప్పకూడదు. మూడు విశేషణాలు కొట్టేసి వాటి బదులు ఒక్క సంగతి పెట్టించాను: రాత్రి కాచి పొద్దున తింటారు, ఆలోగా చింతపండు పులుపు, మామిడికాయ ముక్కల పులుపు చేప ముక్కకు పట్టాలి కాబట్టి. రుచిగా ఉందని వాడు చెప్పనే లేదు, చదివేవాడికి నోరూరింది.

పక్షుల వ్యాసంలో తప్పు వేరే రకం. పులికాట్ దగ్గర నేలపట్టు చెట్ల మీద ఫ్లెమింగోలు గూళ్లు కట్టుకున్నాయని రాసింది. అక్కడ గూళ్లు కట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు. ఫ్లెమింగోలు పులికాట్‌లో లోతులేని నీళ్లలో మేతకొస్తాయి. సూళ్లూరుపేటవాడు ఎవడైనా చదివితే ఆ ఒక్క మాటతో మిగతా వ్యాసాన్ని కూడా నమ్మడు. "లాక్స్ ఆఫ్ బర్డ్స్" అని కూడా ఉంది. ఎవరు లెక్కపెట్టారంటే జవాబు లేదు. లెక్క తెలియకపోతే వదిలెయ్యాలి, కళ్లతో చూసింది రాయాలి. లెక్క గట్టిగా తెలిసినా లక్షలు, కోట్లు బయటివాడికి అర్థం కావు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు.

కొలతలు అడిగినవాళ్లకు బోర్డు మీద రాసింది ఇక్కడా రాస్తున్నాను. ఆరు వందల పదాలకు మొదలు డెబ్బై, చివర యాభై, మధ్యలో ఐదు పేరాలు, ఒక్కోటి తొంభై నుంచి వంద. ఒక్కో పేరాకు ఒక్క సంగతే. వాక్యం సగటున పదిహేను పదాలు, అప్పుడప్పుడు ఐదు. రాయబోయే ముందు ఇరవై నిమిషాలు కూర్చుని చూసినవి, విన్నవి, అడిగి తెలుసుకున్నవి పది రాసుకోవాలి, తెలుగులోనైనా సరే. వాటిలో ఐదు ఉంచి ఐదు కొట్టెయ్యాలి. ఆ ఐదూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పకపోతే విషయం ఇంకా వెడల్పుగా ఉన్నట్టు. "నెల్లూరు వంటలు" మీద ఎవరూ ఆరు వందల పదాల్లో రాయలేరు. "పులుసు రాత్రే ఎందుకు కాస్తారు" మీద రాయొచ్చు.

మొదటి చిత్తుప్రతిలో మాట తట్టకపోతే తెలుగు మాటే వేసి ముందుకు పోవాలి. నిఘంటువు తీస్తే ఊపు పోతుంది, పైగా అక్కడ "యూజ్" బదులు "యుటిలైజ్" దొరుకుతుంది. ఒక రాత్రి ఆగి మూడుసార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్క తప్పు కోసమే: మొదట క్రియలు, తర్వాత "ఎ", "ది", ఆ తర్వాత "ఇన్", "ఆన్", "ఎట్". మూడూ ఒకేసారి వెతికితే మూడూ తప్పించుకుంటాయి. నాలుగోసారి పైకి చదవాలి, ఊపిరి ఆగిన చోట చుక్క పెట్టాలి. వ్యాసానికి పేరు పెట్టడం అన్నిటికన్నా చివర.

ఉదయగిరి అబ్బాయిది ఒక్కటీ దిద్దకుండా పక్కన పెట్టాను. చెక్క చెంచాల మీద రాశాడు, ఇంగ్లీషు శుభ్రంగా ఉంది, ఒక్క చెంచా కూడా కనబడలేదు. ఆదివారం ఊరికి పోతున్నానన్నాడు. వాడి కాయితం వెనక ఇవి రాశాను: చెక్క ఏ చెట్టుది, పచ్చిదా ఎండిందా? ఉలి ఎన్ని రకాలు, ఎవరి చేతిలో ఏది? ఒక చెంచాకు ఎంతసేపు? ఎక్కడ విరుగుతుంది? విరిగింది ఏం చేస్తారు?