నేషనల్ పర్మిట్ ఉన్నా లారీకి కేసు ఎందుకు పడుతుంది?

వేరే రాష్ట్రాలకు సరుకు మోసేందుకిచ్చే ఈ పర్మిట్ ఐదేళ్లది, దాని మీద సొంత రాష్ట్రం దాటి తిరగడానికిచ్చే అనుమతి, అంటే అథరైజేషన్, మాత్రం ఏడాదిదే. చాలా బండ్లు దొరికేది ఇక్కడే. 16,500 రూపాయల కాంపోజిట్ ఫీజు (రాష్ట్రాలన్నిటికీ కలిపి ఒకేసారి కట్టేది), దానితోపాటు అథరైజేషన్ ఫీజు గడువు తీరకముందే ఆన్‌లైన్‌లో కట్టేయాలి.

అసలు చిక్కు రిటర్న్ లోడుది, అంటే తిరుగు ప్రయాణంలో ఎత్తే సరుకుది. ఆంధ్రా బండి నాగపూర్‌లో సరుకు దించి, అక్కడే లోడెత్తి పుణెలో దించకూడదు, రెండూ మహారాష్ట్రలోవే. అదే లోడు హైదరాబాదుకో విజయవాడకో అయితే ఇబ్బంది లేదు. కమీషన్ మీదే ధ్యాసున్న బ్రోకర్ ఈ సంగతి చెప్పడు. పర్మిట్ షరతు మీరితే మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయలు, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది.

పాత బండి కొంటున్నారా? మల్టీ యాక్సిల్ (రెండుకు మించి ఇరుసులున్న బండి) కాకపోతే 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్ అయితే 15 ఏళ్లు దాటాక నేషనల్ పర్మిట్ ఇవ్వరు.

దారిలో లారీ మార్చితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) పార్ట్-బీలో, అంటే బండి వివరాలుండే భాగంలో, కొత్త బండి నంబరు ఎక్కించాకే కదలండి.