హైలాండర్ కొంటున్నారా? ఎన్నో తరం అని కాదు, ఏ ఇంజన్ అని అడగండి

టయోటా హైలాండర్ అనే ఎస్‌యూవీని సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లందరూ మొదట అడిగేది "ఎన్నో తరం తీసుకుంటే మంచిది?" అని. బాడీని బట్టి లెక్కేస్తే 2001 నుంచి 2007 దాకా మొదటి తరం, 2008–2013 రెండోది, 2014–2019 మూడోది, 2020 నుంచి నాలుగోది. అయితే బండి ఎలా నడుస్తుంది, ఎక్కడ డబ్బు తినేస్తుంది అనేవి రేకు మారిన ఏడాది మీద ఆధారపడవు. ఇంజనూ గేర్‌బాక్సూ మారిన ఏడాది మీద ఆధారపడతాయి. అలాంటి గీతలు రెండున్నాయి, రెండూ ఒక్కో తరం నడిమధ్యలోనే: ఒకటి 2017లో, ఇంకొకటి 2023లో. 2016 బండినీ 2017 బండినీ పక్కపక్కన నిలబెడితే ముందు గ్రిల్ తప్ప పెద్ద తేడా కనపడదు. బానెట్ ఎత్తితే ఇంజన్ వేరు, గేర్‌బాక్స్ వేరు.

అమ్మేవాళ్లు తయారైన ఏడాదినీ మోడల్ ఏడాదినీ కలిపేస్తుంటారు. కాబట్టి విన్ నంబర్‌లో (ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యలో) పదో అక్షరం చూడండి. జీ ఉంటే 2016, హెచ్ ఉంటే 2017, ఎల్ ఉంటే 2020, ఎన్ ఉంటే 2022, పీ ఉంటే 2023. ఇందులో చెప్పే మోడల్ ఏళ్లు, మైళ్లు, వారంటీలు అన్నీ అమెరికాలో అమ్మిన బళ్లవి.

ముందు మూడో వరుస సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కొందరికి ఇక్కడే కథ అయిపోతుంది. మూడో తరంలోనూ నాలుగో తరంలోనూ వెనక వరుసలో కాళ్లకు ఇచ్చిన చోటు 27.7 అంగుళాలే. ఎనిమిది సీట్లని రాస్తారు గానీ వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చునే పని కాదు, పిల్లలకైతే సరిపోతుంది. మూడో వరుస లేపి ఉంచితే డిక్కీలో మూడో తరానికి 13.8, నాలుగో తరానికి 16 ఘనపుటడుగులు మిగులుతుంది. స్ట్రోలర్ మడిచి పెట్టాక పెద్ద సూట్‌కేసుకు చోటుండదు. పెద్దవాళ్లు తరచుగా వెనక కూర్చుంటారనుకుంటే 2024లో వచ్చిన గ్రాండ్ హైలాండర్ చూడండి. అందులో వెనక కాళ్లకు 33.5 అంగుళాలు, డిక్కీలో 20.6 ఘనపుటడుగులు. పేరు ఒకటే గానీ అది వేరే బండి. పొడవు దాదాపు 201 అంగుళాలు, గరాజ్ కొలుచుకుని మరీ వెళ్లండి. చైల్డ్ సీట్లు వాడేవాళ్లు వాటిని చూడబోయేటప్పుడు వెంట తీసుకెళ్లాలి. రెండో వరుసలో సీటు బిగించాక ఆ వరుస ముందుకు జరిగి వెనక్కి దారి ఇస్తుందో లేదో బ్రోషర్ చదివితే తెలియదు.

ఇక ఏళ్లవారీగా. మొదటి తరం మీద ఎక్కువ మాటలు అనవసరం. వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్లకు టైమింగ్ బెల్టు ఉంటుంది, 90,000 మైళ్లకోసారి మార్చాలి. తొలి ఏళ్లలో వచ్చిన 3 లీటర్ల వీ6కు ఆయిల్ బురదలా గడ్డకట్టే జబ్బు ఉండేది. బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు చూపలేకపోతే ఆ బండి వదిలేయండి.

2008 నుంచి 3.5 లీటర్ల వీ6 వచ్చింది. దాని పేరు 2జీఆర్-ఎఫ్ఈ, 270 హార్స్ పవర్, బెల్టు బదులు చెయిన్. గేర్లు ఐదే అయినా గట్టి జోడీ. 2009లో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ కూడా చేరి 2019 దాకా కింది ట్రిమ్‌లో, అంటే తక్కువ సదుపాయాల వేరియంట్‌లో, కొనసాగింది. ఈ బరువైన బండిని అది లాగుతుంది గానీ ఆయాసపడుతూ లాగుతుంది. మూడో తరంలో దీనికి ట్రైలర్ 1,500 పౌండ్లు దాటకూడదు. పైగా హైవే మీద వీ6తో పోలిస్తే ఇంధనంలో మిగిలేదీ పెద్దగా లేదు. మూడో తరంలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఎల్ఈ ట్రిమ్ చవగ్గా కనిపిస్తే ముందు బానెట్ ఎత్తి ఏ ఇంజనో చూసుకోండి.

2014–2016లో అదే 270 హార్స్ పవర్ వీ6కు ఆరు గేర్ల బాక్స్ పెట్టారు. నమ్మకం విషయంలో ఈ మూడేళ్ల బళ్లను తక్కువ అంచనా వేస్తారు. పాత ఇంజన్లో తొలినాటి లోపాలు అప్పటికి సర్దుకున్నాయి, గేర్‌బాక్స్ కూడా గొడవ పెట్టే రకం కాదు. లేనిది భద్రత పరికరాలే. ముందు బండిని గుర్తించి దానంతటదే బ్రేకు వేసే సదుపాయం, లేన్ దాటితే హెచ్చరించేది, దూరం చూసి నడిచే క్రూజ్ కంట్రోల్ అన్ని ట్రిమ్‌లలోనూ ప్రామాణికమైంది 2017లో. కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లల చేతికిచ్చే బండైతే 2017 కంటే వెనక్కి వెళ్లకపోవడమే మేలు.

ఆ 2017లోనే వీ6 295 హార్స్ పవర్‌కు పెరిగింది, గేర్లు ఎనిమిదయ్యాయి. కొత్త ఇంజన్ పెట్రోలును సిలిండర్లోకీ, ఇన్‌టేక్ పోర్టులోకీ రెండు చోట్లా చిమ్ముతుంది. నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. ఇక్కడ పోర్టు నుంచి వచ్చే పెట్రోలు వాటిని కడుగుతూ ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు. గేర్‌బాక్స్ విషయంలో మాత్రం 2017, 2018 బళ్లను చెవి పెట్టి వినాలి. ఆ తొలి ఎనిమిది గేర్ల బాక్సుల్లో కొన్ని సన్నగా ఊళ పెడతాయి. టెస్ట్ డ్రైవ్‌లో రేడియో, ఏసీ ఫ్యాన్ ఆపేసి, 20 నుంచి 40 మైళ్ల వేగం మధ్య యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి పోనివ్వండి. వేగంతోపాటు స్వరం పెరిగే కీచు వినిపించి, కాలు తీయగానే మారితే అది టైరు మోత కాదు. మామూలుగా దీనికి విరుగుడు రిపేరు కాదు, బాక్స్ మార్చడమే. పవర్‌ట్రెయిన్ (ఇంజన్, గేర్‌బాక్స్) వారంటీ మిగిలి ఉంటే తప్ప ఆ బండి జోలికి పోవద్దు.

3.5 వీ6 ఏ ఏడాదిదైనా చూడాల్సిన పద్ధతి ఒకటే. వచ్చేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్ట్ చేసిన మొదటి రెండు సెకన్లలో గలగల వినిపిస్తే వాల్వ్ టైమింగ్ గేర్ (వాల్వులు తెరుచుకునే వేళను సర్దేది) అరిగినట్టు. బండి వెంటనే ఆగిపోదు గానీ దాన్ని మార్చాలంటే చాలా విప్పాలి.

తర్వాత టార్చి వేసి ఇంజన్‌కు బెల్టు ఉండే పక్క, అంటే ప్యాసింజర్ వైపు, పైనుంచీ కిందినుంచీ చూడండి. అక్కడ రెండు రకాల తడి కనిపించవచ్చు, రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వాటర్ పంపు చుట్టూ గులాబీ రంగులో ఎండిన పొక్కు కనిపిస్తే కూలెంట్ కారుతోందన్నమాట. ఈ ఇంజన్లో పంపు బయటే ఉండి బయటి బెల్టుతో తిరుగుతుంది, టైమింగ్ చెయిన్ ముట్టుకోకుండా మార్చవచ్చు, బేరంలో తగ్గించుకుని తీసుకోవచ్చు. అదే టైమింగ్ కవర్ అంచు వెంట నల్లగా జిడ్డు పట్టి ఉంటే ఆలోచించాలి. ఆ కవర్‌ను రబ్బరు గ్యాస్కెట్ కాకుండా సీలెంట్ పట్టి ఉంచుతుంది. సరిగ్గా చేయాలంటే ఇంజన్ దించాల్సిందే. పై నుంచి సీలెంట్ పూసి "బాగు చేశాం" అంటే నమ్మకండి. కింద అప్పుడే కడిగి తళతళలాడుతున్న ఇంజన్‌ను కూడా అనుమానించాలి.

రెండో తరం తొలి బళ్లలో ఇంకొకటి చూడాలి. వాల్వ్ టైమింగ్‌కు ఆయిల్ తీసుకెళ్లే గొట్టంలో అప్పట్లో మధ్యన రబ్బరు ముక్క ఉండేది. అది చిట్లితే ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలు, ఆ తర్వాత ఇంజన్ కూడా. టయోటా దానికి బదులుగా మొత్తం లోహంతో చేసిన గొట్టం ఇచ్చింది. మార్చారో లేదో చూసి తేల్చుకోవాలి, మాట మీద వదలొద్దు.

స్పార్క్ ప్లగ్గులు 120,000 మైళ్లకు మార్చాలి. డ్యాష్‌బోర్డు వైపు ఉన్న మూడింటిని అందుకోవాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైభాగం తీయాలి. అందుకే కొందరు ముందు మూడూ మార్చి ఊరుకుంటారు. రసీదులో ఆరు ఉన్నాయేమో లెక్కపెట్టండి. ఇంజన్ కూలెంట్ మొదటిసారి 100,000 మైళ్లకు, ఆ తర్వాత 50,000కోసారి. ఆరు, ఎనిమిది గేర్ల బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ మట్టం చూడాలన్నా లిఫ్ట్ ఎక్కించి, ఉష్ణోగ్రత కొలుస్తూ ప్లగ్ విప్పాలి. జీవితకాలం మార్చనక్కర్లేదనే మాట వినకండి, 60,000 మైళ్ల దగ్గర మార్పిస్తే బాక్స్ ఆయుష్షు పెరుగుతుంది.

వెనక ట్రైలర్ హుక్ ఉంటే దాని మీది అరుగుదల చూడండి. కొత్తగా ఉంటే సైకిళ్ల స్టాండు కోసం పెట్టి ఉండొచ్చు. బాల్ అరిగి, వైరింగ్ ప్లగ్ నలిగి ఉంటే బరువులు లాగిన బండి. అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని వెనక చక్రాలకూ పంపేది), వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చిన దాఖలా అడగాలి. ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి కావాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే చుట్టుకొలతల్లో తేడా వచ్చి వెనక చక్రాలకు శక్తిని కలిపే కప్లింగ్ ఊరికే పని చేస్తూ వేడెక్కుతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండైతే వెనక సబ్‌ఫ్రేమ్‌తోపాటు, కింద వేలాడే స్టెపినీని దింపి దాని కేబుల్ కూడా చూడండి. తుప్పు పట్టిన కేబుల్ సంగతి టైరు పంక్చరయ్యే దాకా ఎవరికీ తెలియదు.

2017 తర్వాతి బళ్లలో ముందు అద్దం మార్చారా అని తప్పక అడగాలి. కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది, రాడార్ ముందున్న టయోటా గుర్తు వెనక ఉంటుంది. అద్దం మార్చి కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయకపోతే లేన్ గీతలు తప్పుగా చదువుతుంది. బ్లైండ్ స్పాట్ మానిటర్ అన్ని ట్రిమ్‌లలో లేదు. ఆన్ చేసినప్పుడు పక్క అద్దాల్లో గుర్తు వెలుగుతుందేమో చూస్తే తెలిసిపోతుంది. యాపిల్ కార్‌ప్లే కావాలంటే 2020 నుంచే. 2019లో ఎంత పై ట్రిమ్ కొన్నా అది ఉండదు, చాలామంది కొన్నాక గానీ గమనించరు.

హైబ్రిడ్‌లలో అసలు గీత 2020. అంతకుముందు వీ6కే మోటార్లు తగిలించి సగటున గ్యాలన్‌కు 28 మైళ్ల దగ్గర ఆపారు. 2020లో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్లతో, మొత్తం 243 హార్స్ పవర్‌తో, ఆల్ వీల్ డ్రైవ్‌లోనూ 35 వచ్చింది. అదే ఏళ్ల వీ6 ఆల్ వీల్ డ్రైవ్‌కు 23. హైబ్రిడ్‌లో వెనక చక్రాలను విడి మోటారు తిప్పుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టూ ట్రాన్స్‌ఫర్ కేసూ లేవు కాబట్టి ఆ ఆయిళ్ల గొడవ సగం తగ్గినట్టే. ఎక్కుడు రోడ్డులో గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే స్వరంలో అరుస్తుంది, అది లోపం కాదు. వాడిన హైబ్రిడ్‌లో మొదట చూడాల్సింది బ్యాటరీ గాలి పీల్చుకునే జాలీ. అది రెండో వరుస సీట్ల కింద ఉంటుంది. పిల్లల బొమ్మలు, మ్యాట్లు, కుక్క వెంట్రుకలు అడ్డుపడితే ఫ్యాన్ మూసుకుపోయి బ్యాటరీ వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గేది అక్కడే. 2020 మోడల్ నుంచి బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 150,000 మైళ్ల వారంటీ ఉంది, అంతకుముందు 8 ఏళ్లు లేదా 100,000.

ఇక 2023లో వీ6 తీసేసి 2.4 లీటర్ల టర్బో పెట్టారు. 265 హార్స్ పవర్‌తో కాగితం మీద తగ్గింది గానీ టార్క్ 263 నుంచి 310 పౌండ్-అడుగులకు పెరిగింది, అదీ కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది. మైలేజీలో లాభం ఒక్క మైలు. వీ6కున్న నునుపు మాత్రం పోయింది. 3,500 పౌండ్లకు మించి లాగే పని ఉంటే టర్బో, లేకపోతే కొత్త బండిలో హైబ్రిడ్ తప్ప ఇంకోటి కొనడానికి కారణం కనిపించదు. టర్బోకు 10,000 మైళ్ల దాకా ఆయిల్ మార్చకుండా నడపకండి, 5,000కే మార్చండి. పదేళ్లు ఉంచుకుందామని వాడిన బండి కొనేవాళ్లకైతే 2020–2022 వీ6 నా మొదటి ఓటు, అది దొరక్కపోతే గేర్‌బాక్స్ నిశ్శబ్దంగా ఉన్న 2019.

రీకాల్స్ విన్ నంబర్‌తో అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. 2018–2019 బళ్లకు ఫ్యూయల్ పంపు, 2020–2023 బళ్లకు ముందు బంపర్ కింది కవర్ రీకాల్ ఉన్నాయి, చేయించారో లేదో అక్కడే తెలుస్తుంది. టయోటా సర్టిఫైడ్ బండికి (కంపెనీ తరఫున పరీక్షించి అమ్మే పాత బండికి) పవర్‌ట్రెయిన్ వారంటీ 7 ఏళ్లు లేదా 100,000 మైళ్లు అంటారు. ఆ ఏడేళ్లూ మీరు కొన్న రోజు నుంచి కాదు, మొదటి యజమానికి బండి అమ్మిన రోజు నుంచి. ఆ తేదీ కాగితం మీద చూపించమని అడిగాకే సంతకం పెట్టండి.