భువనేశ్వర్ ఆరో రౌండు: రాజు మళ్లీ డి8కే పోయాడు

మూడోసారి. చెస్ టోర్నమెంటులో అదే ఎండింగు (ఆట చివరి దశ), అదే గడి, అదే తప్పు. మొదటిసారి విశాఖలో, రెండోసారి రాజమండ్రిలో. ఈసారి సెలవు పెట్టి, రైలు చార్జీలు పెట్టుకుని, పొరుగు రాష్ట్రం దాకా వెళ్లి మరీ చేసొచ్చాను. వచ్చి నాలుగు రోజులైంది. అన్నం కలుపుతుంటే కంచంలో కూడా డి8 గడే కనిపిస్తోంది.

మిగతా సంగతులు ముందు ముగించేస్తాను. 1800 లోపు రేటింగున్న వాళ్లకి క్లాసికల్ (తీరిగ్గా ఆడే పద్ధతి), ఐదు రోజుల్లో తొమ్మిది రౌండ్లు, 90 నిమిషాలు ప్లస్ ఎత్తుకి 30 సెకన్లు. నాలుగు గెలిచాను, రెండు డ్రా, మూడు ఓడాను. 5 పాయింట్లు. నల్లవాటితో ఆడే కారో-కాన్ ఓపెనింగు పనిచేసింది, దాని గురించి చెప్పడానికేం లేదు. వెళ్లేటప్పుడు రేటింగు 1584. వచ్చాక లెక్క చూస్తే మైనస్ 4.6. ఆరో రౌండు అర పాయింటు చేజారకపోతే ప్లస్ 5.4 అయ్యేది. ఆ 1584లో కూడా నా కష్టం ఎంతుందో నాకు తెలుసు లెండి. 2024 మార్చిలో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) 2000 లోపు వాళ్ల రేటింగులు లేపినప్పుడు నా 1240 కాస్తా రాత్రికి రాత్రి 1544 అయింది. చెమట పట్టకుండా వచ్చినవి 304, బోర్డు మీద సంపాదించినవి 40.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. విశాఖ నుంచి భువనేశ్వర్ దాదాపు 440 కిలోమీటర్లు. రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి చిలికా పక్కన ఉంటాం. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, రంభ దాటాక నీళ్లు పట్టాల పక్కకి వచ్చేస్తాయి. నేను ఎడమవైపు కూర్చుని కొండలు చూశాను. (ఈ కుడి ఎడమల సంగతి గుర్తుపెట్టుకోండి, పనుంది.) లాడ్జి స్టేషన్ దగ్గర మాస్టర్ క్యాంటీన్‌లో చవగ్గా దొరికిందని తీసుకున్నాను. తప్పు. హాలు ఊరి అవతల. రోజుకి రెండు రౌండ్లుంటే మధ్యాహ్నం వచ్చి నడుం వాల్చే వీలుండదు. ఇక మీదట హాలుకి నడిచి వెళ్లేంత దూరంలో రూమ్, ఓ మూడొందలు ఎక్కువైనా సరే. ఫోను రూమ్‌లోనే వదిలెయ్యండి. హాల్లో జేబులో దొరికితే గేమ్ పోయినట్టే, సైలెంట్‌లో ఉందండీ అంటే ఆర్బిటర్ (రిఫరీ) వినడు.

బోర్డులు వాళ్లవే, గడియారం మనమే తెచ్చుకోమన్నారు. నాది డీజీటీ 3000. ఇంత డబ్బు దేనికని ఇంట్లో అడిగారు గానీ, గంటలు మిగిలి ఉన్నప్పుడు కూడా సెకన్లు చూపిస్తుంది. నాకు ఎత్తు పక్కనే స్కోర్‌షీట్‌లో టైమ్ రాసే అలవాటు. అది నిబంధనలకి లోబడే. ఈసారి ఆ అలవాటే నా అబద్ధాన్ని పట్టించింది.

ఇక అసలు సంగతి. ఆరో రౌండు, నావి నల్లవి, ఎదురుగా కటక్ నుంచి వచ్చిన పెద్దమనిషి, రేటింగు 1502. ఆయన 61వ ఎత్తు తర్వాత బోర్డు మీద ఐదే పావులు (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంటే ఫైలు; అంకె అడ్డు వరస). ఆయన రాజు డి5, రూక్ ఏ7, బంటు ఈ5. నా రాజు ఈ8, రూక్ బి6. ఎత్తు నాది. గడియారంలో నాకు 3 నిమిషాల 12 సెకన్లు, ఆయనకి 11 నిమిషాలు.

ఇది ఫిలిడోర్ (ఒక బంటు తక్కువున్నా డ్రా చేసుకునే పేరున్న డిఫెన్స్) అని టోర్నమెంట్లు ఆడే ఎవరికైనా నిద్రలో లేపినా తెలుస్తుంది. రూక్‌ని ఆరో వరసలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి, బంటు ఈ6కి అడుగేసినప్పుడే కిందికి దిగి వెనక నుంచి చెక్‌లు మొదలెట్టాలి. నేను 50 సెకన్లు ఆలోచించి 61వ ఎత్తుకే రూక్‌ని బి1కి దింపేశాను. ఎందుకంటే చెప్పలేను. ‘ఎలాగూ దిగాల్సిందే కదా, ముందే దిగుదాం’ అనే బద్ధకం కాబోలు. ఓడించిన ఎత్తు ఇది కాదు, ఇప్పటికీ డ్రానే. ఆయన రాజు డి6. నేను డి1 నుంచి చెక్. ఆయన రాజు ఈ6. ఇప్పుడు ఆయన రూక్ ఏ8కి వచ్చి చెక్ ఇస్తే నా రూక్‌ని డి8లో అడ్డం పెట్టక తప్పదు, రూక్‌లు మారిపోతే మిగిలే బంటు ఎండింగు ఓటమే, కాబట్టి నా రాజు జరగాలి. ఎఫ్8కా, డి8కా?

ఈ ప్రశ్నకి జవాబు నోటికొచ్చు. రాజు పొట్టి వైపు, రూక్ పొడుగు వైపు. ‘ఈ’ ఫైలు బంటుకి అవతల మూడు ఫైళ్లున్న కింగ్ సైడు పొట్టిది, నాలుగున్న క్వీన్ సైడు పొడుగుది. రాజు ఎఫ్8, అక్కణ్ణించి జి7కి తప్పుకుంటే, రూక్ ‘ఏ’ ఫైలుకి వెళ్లి దూరం నుంచి తీరిగ్గా చెక్‌లు ఇస్తుంది.

నేను డి8 ఆడాను.

ఆయన రూక్ ఏ8 చెక్, నా రాజు సి7. ఆయన రాజు ఈ7. పొడుగు వైపు నా రాజే అడ్డంగా కూర్చున్నాడు, అందుకని రూక్‌ని హెచ్1కి తీసుకెళ్లాను. బంటు ఈ6. నా రూక్ హెచ్7 చెక్, ఆయన రాజు ఎఫ్6. హెచ్6 చెక్, ఎఫ్7. మళ్లీ హెచ్7 చెక్, జి6. అంతే, రూక్ మీదికే వచ్చేశాడు. హెచ్ ఫైలుకీ ఎఫ్ ఫైలుకీ మధ్య ఉన్నది ఒక్క ఫైలు, చెక్‌లివ్వడానికి ఆ దూరం చాలదు. రూక్ పారిపోగానే బంటు ఈ7. 72వ ఎత్తుకి ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాను. రేటింగులో డ్రా అయినా 2.2 పోయేది, ఓడినందుకు 12.2 పోయింది.

ఎందుకు జరిగింది? మొదట టైమ్ లేకనే అనుకున్నాను, ఇంటికి ఫోన్ చేసి కూడా అదే చెప్పాను. రాత్రి స్కోర్‌షీట్ చూస్తే, ఆ ఎత్తు ముందు నాకు 2 నిమిషాల 51 సెకన్లున్నాయి. వాడింది 9 సెకన్లు. టైమ్ ఉంది, వాడలేదు.

తర్వాత ఆకలి మీదికి తోశాను. ఐదో రౌండు 1.50కి అయింది, ఆరోది 3.30కి. మధ్యలో సైకిల్ మీద అమ్మే దహీబరా ఆలూదమ్ ఒక్క దొన్నె తిన్నాను. (మన పెరుగు గారె మీద బంగాళాదుంప కూర పోసినట్టుంటుంది. వినడానికి ఎలా ఉన్నా, తింటే వదలరు.) కానీ ఎనిమిదో రౌండు ముందు తిన్నదీ అదే, గెలిచాను. అలసట అందామంటే రాజమండ్రిలో ఇదే తప్పు పొద్దున్నే మొదటి రౌండులో చేశాను. ఆ గేమ్ 44వ ఎత్తుకే ఈ పొజిషన్‌కి వచ్చింది, గడియారంలో 25 నిమిషాలున్నాయి.

అసలు గుట్టు విప్పింది పోస్ట్‌మార్టం (ఆట అయ్యాక ఇద్దరూ కలిసి తప్పులు వెతుక్కోవడం) బల్ల దగ్గర వెనక నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన. బరంపురం తెలుగువారు. అక్కడ మనవాళ్లు చాలామంది. నేను, కటక్ ఆయన హిందీలో కుస్తీ పడుతుంటే మధ్యలో తెలుగు వినిపించింది.

"ఏటి బాబూ, రాజుని అటెందుకు తోలీసావు? పొట్టి వైపు ఇటు కదేటి!"

"పొట్టి వైపు కుడివైపు కదండీ" అన్నాను, ఆలోచించకుండానే.

ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వారు. "కుడి ఎవడికి బాబూ? ఆడికా, నీకా?"

అక్కడ తట్టింది. నేను ఈ ఎండింగు సాధన చేసిందంతా లిచెస్ అనే చెస్ యాప్‌లో, తెల్లవి కింద పెట్టుకుని. పుస్తకాల్లో బొమ్మలూ అలాగే ఉంటాయి. స్క్రీను మీద నల్లరాజు పైన ఉంటాడు, ఎఫ్8 అతని కుడిపక్క గడిలా కనిపిస్తుంది. ‘ప్రమాదం వస్తే కుడికి’ అని నా చెయ్యి నేర్చుకుంది. కానీ నల్లవాటి వెనక నిజంగా కుర్చీలో కూర్చుంటే బోర్డు తిరిగిపోతుంది. నా కుడిచేతి వైపున్నది డి8. చెయ్యి నేర్చుకున్న పాఠం తప్పకుండా కుడికే వెళ్లింది, 9 సెకన్లలో, ఎంతో నమ్మకంగా!

ఇంటికొచ్చి పాత షీట్లు తీశాను. విశాఖలో నల్లవి, డి8. రాజమండ్రిలో నల్లవి, డి8. తెల్లవాటితో ఇదే డిఫెన్స్ క్లబ్బులో రెండుసార్లు పడింది. రాజు ఈ1 నుంచి ఎఫ్1కి, అంటే కుడికి. రెండూ డ్రా. మొత్తం ఐదు గేములే కాబట్టి రుజువని గట్టిగా అనలేను గానీ, నాకు మాత్రం ఇదే కారణం. టేబుల్‌బేస్‌లో (కొద్ది పావులే మిగిలిన పొజిషన్లకి కచ్చితమైన ఫలితం చెప్పే కంప్యూటర్ పట్టిక) పెట్టి చూశాను కూడా. ఎఫ్8 డ్రా, డి8 ఓటమి, మధ్యేమార్గం లేదు.

యాప్‌లో బోర్డు తిప్పుకుంటే సరిపోదా అని మా క్లబ్బు కుర్రాడు అడిగాడు. సరిపోదనే నా అభిప్రాయం. ఫోన్‌లో వేలు జరిగే దూరం రెండు సెంటీమీటర్లు, అక్కడ కుడి ఎడమలు ఒంటికి పట్టవు. ఓపెనింగులకి, పజిళ్లకి ఫోను బ్రహ్మాండం. ఎండింగులు మాత్రం చెక్క పావులతో, కుర్చీలో కూర్చుని, గడియారం నొక్కుతూ చెయ్యాల్సిందే. మంచి రెగ్జిన్ బోర్డు ఒకటి చుట్టి సంచిలో పడేసుకుంటే లాడ్జి మంచం మీద కూడా పరుచుకోవచ్చు. ఎనిమిదేళ్లుగా కొనకుండా ఎందుకున్నానో తెలీదు.

ఇప్పటి పద్ధతి ఇది. రోజూ రాత్రి భోజనాలయ్యాక 20 సార్లు, పది నల్లవైపు కూర్చుని, పది తెల్లవైపు కూర్చుని. ‘కుడి’, ‘ఎడమ’ అనే మాటలు నిషేధం. ‘మూడు ఫైళ్ల వైపు’ అని పైకి అంటూ జరపాలి. మా ఆవిడకి చిరాగ్గానే ఉంది. వచ్చే వారం నుంచి డి ఫైలు బంటు కూడా కలుపుతాను, అప్పుడు పొట్టి వైపు క్వీన్ సైడు అవుతుంది కాబట్టి చెయ్యికి ఏ అలవాటూ పట్టదు.

వచ్చే టోర్నమెంటుకి రాయ్‌పూర్ అనుకుంటున్నాను, ఛత్తీస్‌గఢ్ కూడా ఇంతవరకూ చూడలేదు. ఈలోగా బరంపురం పెద్దాయన ఒక ఆదివారం ఇంటికి రమ్మన్నారు, పొద్దుటి నుంచి రాత్రి దాకా రూక్ ఎండింగులే ఆడదామని. వెళ్తాను. పలాసలో జీడిపప్పు కొని పట్టుకెళ్లాలి.

నిన్న రాత్రి లెక్క 20కి 17. తప్పిన మూడూ నల్లవైపు కూర్చున్నప్పుడే, మూడూ డి8.