బాస్ రాడ్‌తో పండుగప్ప: వానాకాలం నుంచి సంక్రాంతి దాకా సామాను లెక్క

మన దగ్గర లార్జ్‌మౌత్ బాస్ లేదు. అది అమెరికా మంచినీటి చేప. మనకున్నది పండుగప్ప. దీన్నే ఏషియన్ సీ బాస్ అంటారు, ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. రెండూ మాటు వేసి ఎర మీద పడే చేపలే, మునిగిన కొమ్మల మధ్యా రాళ్ల సందుల్లోనూ కాపు కాసేవే. అందుకే బాస్ కోసం తయారైన రాడ్లు, లూర్లు (చేపని మోసగించే కృత్రిమ ఎరలు) దీనికీ బాగానే నప్పుతాయి. తేడా బరువు దగ్గర వస్తుంది. లార్జ్‌మౌత్ ప్రపంచ రికార్డు 10 కిలోల పైచిలుకు మాత్రమే. 1932లో జార్జియాలో పడినదాన్ని 2009లో జపాన్‌లోని బీవా సరస్సు చేప సమం చేసింది. గాలానికి పడ్డ పండుగప్ప రికార్డు 2010లో క్వీన్స్‌లాండ్‌లో నమోదైంది, 44.64 కిలోలు. దానికి తోడు మన నీళ్లు ఉప్పు, గాలి కూడా ఉప్పే. బాస్ సామానులో ఏది ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు, ఏది మార్చాలి అని ఈ ఏడాదంతా చూస్తూ వచ్చాను.

జూన్, జులై

రాడ్ 7 అడుగులది, మీడియం హెవీ, కొస మాత్రమే వంగే ఫాస్ట్ యాక్షన్. 10 నుంచి 30 గ్రాముల లూర్ విసరడానికి సరిపోతుంది. వైజాగ్ దగ్గర భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఇంతకంటే పొడవు అక్కర్లేదు. వైజాగ్ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద నిలబడి అలల అవతలకి విసరాలంటే మాత్రం 9 అడుగులది కావాలి. రెండు ముక్కలుగా విడిపోయేదే తీసుకున్నాను, బస్సులో పైన పెట్టుకోవచ్చు, స్కూటర్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకోవచ్చు.

రీల్ విషయంలో చాలా ఆలోచించాను. బాస్ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది బెయిట్‌కాస్టర్, అంటే విసిరేటప్పుడు లైన్ చుట్టిన స్పూల్ తిరిగే రీల్. చెరువు గట్టున అది అద్భుతంగా పనిచేస్తుంది. భీమిలిలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంది. గాలికి లూర్ వేగం తగ్గుతుంది, స్పూల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, దాంతో లైన్ గూడు కట్టేస్తుంది. అందుకే విసిరేటప్పుడు స్పూల్ తిరగని 4000 సైజు స్పిన్నింగ్ రీల్ ఎంచుకున్నాను. పూర్తిగా సీల్ చేసిన ఖరీదైన రకాలు నీటిని బాగా ఆపుతాయి, నిజమే. కానీ వాటిని ఇంట్లో విప్పడం కష్టం. వైజాగ్‌లో రీల్ కొనేవాళ్లు నన్నడిగితే, ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి మళ్లీ బిగించగలిగేదే కొనమంటాను. బేరింగులు ఎన్ని ఉన్నాయని చూసి మురిసిపోనక్కర్లేదు. ప్రతి బేరింగూ తుప్పు పట్టడానికి ఇంకో చోటు.

స్పూల్ మీద ముందు కొంచెం తంగూసు చుట్టి, ఆపైన 20 పౌండ్ల బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) ఎక్కించాను. నేరుగా బ్రెయిడ్ చుడితే స్పూల్ మీద మొత్తం జారి తిరుగుతుంది. తంగూసు ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను కొట్లలో చవగ్గానే దొరికింది. డ్రాగ్‌ని, అంటే చేప గట్టిగా లాగితే లైన్ తెగకుండా స్పూల్‌ని జారనిచ్చే బ్రేకుని, మాత్రం చేతి అంచనాకి వదలకూడదు. సూట్‌కేసులు తూచే చిన్న త్రాసుకి లైన్ కట్టి లాగాను. 20 పౌండ్లంటే 9 కిలోలు, అందులో మూడో వంతు, అంటే 3 కిలోల దగ్గర స్పూల్ జారడం మొదలయ్యేలా పెట్టాను.

ఆగస్టు, సెప్టెంబరు

అసలు డబ్బు పెట్టాల్సింది లీడర్ (బ్రెయిడ్ చివర కట్టే మందపాటి లైన్) మీద, గాలాల మీద. ఇది ఈ రెండు నెలల్లో బాగా అర్థమైంది.

పండుగప్పకి పెద్ద పళ్లుండవు. నోరంతా ఇసుక కాగితంలా గరుకు. మొప్ప మూత అంచు మాత్రం కత్తే. భీమిలిలో వల బాగుచేసుకుంటున్న ఒక తాత నేను చేపని మొప్ప దగ్గర పట్టుకోబోతుంటే ఆపాడు. "సెవుల కాడ కత్తుంటాది బాబూ, సెయ్యెట్టకు" అన్నాడు. గాలం పడగానే చేప నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది, అప్పుడు ఆ అంచు లైన్‌కి తగులుతుంది. బ్రెయిడ్ సన్నం, ఆ అంచుకి నిలవదు. అందుకే చివర ఒక మీటరు దాకా 40 పౌండ్ల లీడర్ ఉండాలి. బాస్‌కి వాడే 12, 15 పౌండ్ల లీడర్ ఇక్కడ చాలదు. బ్రెయిడ్‌నీ లీడర్‌నీ ఎఫ్‌జీ అనే ముడితో కలుపుతున్నాను. ముడి సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి తగలకుండా పోతుంది. బ్రెయిడ్‌ని బిగువుగా పట్టి ఉంచడమే అందులో కిటుకు, చుట్టు చుట్టుకీ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వేయాలి. 20 చుట్లు వేశాక ముడిని తడిపి గట్టిగా లాగితే బ్రెయిడ్ రంగు కాస్త ముదురుతుంది. అలా మారితే ముడి కరిచినట్టే. చేప పడ్డ ప్రతిసారీ లీడర్‌ని గోరుతో రాసి చూసి, గరుకు తగిలినంత మేరా కత్తిరించేస్తున్నాను.

బాస్ లూర్లతో వచ్చే మూడు కొనల గాలాలు సన్నటి తీగవి. సెప్టెంబరులో ఒక మంచి చేప రాయి కిందికి దూరబోతుంటే ఆపాను. లూర్ తిరిగొచ్చింది, గాలం రెండు కొనలూ నిటారుగా ఉన్నాయి. ఆ తర్వాత అన్నిటికీ 4ఎక్స్ గాలాలు (మందపు తీగవి), గాలాన్ని లూర్‌కి తగిలించే గట్టి స్ప్లిట్ రింగులు వేశాను. బరువు పెరిగితే తేలే లూర్ మునిగిపోవచ్చు, అందుకే ప్రతిదాన్నీ బకెట్ నీళ్లలో వేసి తేలే తీరు చూసుకున్నాను. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముళ్లు కూడా ప్లయర్‌తో నొక్కేశాను. పండుగప్పలు ముందు మగవిగా ఎదిగి, తర్వాత ఆడవిగా మారతాయి. అంటే బాగా పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు. వాటిని తిరిగి నీళ్లలో వదలాలి, గాలం సులువుగా ఊడితేనే అవి బతుకుతాయి.

అక్టోబరు

రీల్ మీద లైన్‌ని స్పూల్ వైపు మళ్లించే చిన్న చక్రం, లైన్ రోలర్, కిచకిచమంది. లైన్ తడిసి వచ్చేది దాని మీదుగానే కాబట్టి ఉప్పు మొదట చేరేదీ అక్కడే. తెల్ల గుడ్డ పరిచి, స్క్రూ తీసి, ఒక్కో వాషర్ తీసేటప్పుడు వరసగా ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. బేరింగ్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఉప్పు నూనెకి కరగదు, ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. తర్వాత ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఆడించి, మళ్లీ ఆరాక రెండు చుక్కల నూనె. వేలి మీద తిప్పితే ఇంకా గరగరమంది. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో కొలిచి అదే సైజు స్టెయిన్‌లెస్ బేరింగ్ తెప్పించాను.

పళ్లచక్రాలకి గ్రీజు, బేరింగులకి పలచటి నూనె. వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్ బేరింగ్‌కి గ్రీజు తగలకూడదు, తగిలితే అది జారుతుంది. అల్యూమినియం బాడీలోకి స్టీలు స్క్రూ దిగే చోట ఉప్పు నీరు చేరితే రెండూ కరుచుకుపోతాయి. స్క్రూ మరల మీద పిసరంత గ్రీజు రాస్తే ఆ బాధ ఉండదు.

ఇంటికి రాగానే చేసే పని ఒక్కటే. డ్రాగ్ బిగించి, మంచినీళ్లు మెల్లగా పైనుంచి పోసి, తుడిచి, నీడలో ఆరనిచ్చి, ఆఖర్న డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెడతాను. పైపు ప్రెషర్‌తో కొడితే ఉప్పు లోపలికి పోతుంది. వదులు చేయకపోతే లోపలి ఫెల్ట్ వాషర్లు నొక్కుకుపోతాయి. మాది పెదవాల్తేరు, కిటికీ ఊచలకి ఏడాదికోసారి రంగు పడకపోతే పొడి రాలుతుంది. రీల్‌ని ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, అందుకే గుడ్డ సంచిలో పెడుతున్నాను.

నవంబరు

లూర్ల పెట్టె సర్దాను. మెత్తటి రబ్బరు చేపల్ని గట్టి లూర్లతో కలిపి పెట్టకూడదు, వాటిలోని రసాయనం రంగునీ ప్లాస్టిక్‌నీ కరిగించేస్తుంది. వాటిని వచ్చిన కవర్లోనే ఉంచి, రంగులు కూడా విడివిడిగా పెట్టాను. రాడ్ రింగుల్లో దూది తిప్పి చూశాను, కొస నుంచి రెండోదాంట్లో పోగులు చిక్కాయి. లోపలి సెరామిక్‌లో కంటికి కనిపించని చీలిక ఉంది. అది బ్రెయిడ్‌ని కోసేస్తుంది. ఆ రింగు మార్పించాను.

డిసెంబరు

నీళ్లు చల్లబడ్డాయి, చేపలు మందగించాయి. లూర్ లాగడం తగ్గించి, రబ్బరు చేపని అడుగున నెమ్మదిగా గెంతించడం మొదలుపెట్టాను. రెండు చిన్నవి పడ్డాయి, రెండూ వదిలేశాను.

ఫెల్ట్ వాషర్లు గట్టిపడి డ్రాగ్ కుదుపుతో జారుతోంది. కార్బన్ వాషర్లు వచ్చాయి. సంక్రాంతి సెలవుల్లో డ్రాగ్ గ్రీజు పలచగా రాసి అవి వేసి, త్రాసుతో మళ్లీ 3 కిలోలకి సరిచూస్తాను. బ్రెయిడ్ కొత్తది కొనను. వాడింది పై సగమే, కింది సగం కొత్తగానే ఉంది. మొత్తం విప్పి ఇంకో స్పూల్ మీదకి చుట్టి తిరగేస్తే వచ్చే వానాకాలం దాకా వస్తుంది.