తెలుగు పుస్తకానికి ఏ తెర?

బెంగళూరు బడుల్లో మన పిల్లలు ఇంగ్లిష్, కన్నడ, హిందీ చదువుతారు. తెలుగు మిగిలేది ఇంట్లోనే. అందుకే టాబ్లెటా, ఈ-రీడరా (కిండిల్ లాంటి, పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) అన్న లెక్క మనకు కాస్త వేరు. తెలుగు ఏ తెర మీద విరగకుండా పడుతుందో ముందు చూసుకోవాలి.

అమెజాన్ వాళ్ల కిండిల్ ఈ-పుస్తకాల దుకాణం 2016 డిసెంబరులో ఐదు భారతీయ భాషల పుస్తకాలు పెట్టినప్పుడు తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మన పుస్తకాలు చాలామటుకు మనమే వెతికి ఎక్కించాలి. ఆ ఓపిక లేకపోతే ఈ-రీడర్ కొన్నా పిల్లలు అందులో చదివేది ఇంగ్లిషే.

కొనేముందు అదే మోడల్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి పరీక్షించండి. గూగుల్ డాక్స్‌లో శాస్త్రం, స్త్రీ, జ్ఞాపకం, విద్యార్థి అని టైపు చేసి, ఈపబ్‌గా (ఈ-పుస్తకాల ఫైలు రకం) దించుకుని ఆ పరికరంలోకి పంపండి. వత్తు పక్కకు జారినా, పొల్లు విడిగా కనిపించినా ఆ పరికరం తెలుగుకు పనికిరాదు. డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేకపోవడం. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, పరికరంలోని ఫాంట్స్ ఫోల్డరులో మండలి లాంటి యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర పద్ధతి) ఫాంటు వేసి మళ్లీ చూడండి. (చార్జింగుకే పనికొచ్చే కేబుల్‌తో ఆ ఫోల్డరే కనబడదు.) యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చాకే ఈపబ్ చేయాలి, లేకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి.

పుస్తకం పేజీలను ఫొటోల్లా తీసిన స్కాన్ పీడీఎఫ్‌లది ఇంకో తంటా. డెమీ సైజు పేజీ వెడల్పు 5.5 అంగుళాలు, 6 అంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 3.6. అక్షరం మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. థ లోపలి చుక్క, ధ కింది గీత కనబడక రెండూ ద లాగే ఉంటాయి. పెద్దవాళ్లం అలవాటు మీద లాక్కొస్తాం, కూడబలుక్కుని చదివే పిల్లలు మూసేస్తారు. స్కాన్ కాబట్టి పెద్దది చేసినా వరసలు సర్దుకోవు. అంచులు కత్తిరిస్తే కొంత నయమే గానీ, వీటికి 10 అంగుళాల టాబ్లెటే దిక్కు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ టాబ్లెటే. ఈ ఊరి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. నలుపు-తెలుపు ఈ-ఇంక్ తెర మీద వాటి అందమంతా పోతుంది. చిక్కల్లా పిల్లలు కథ వదిలి వీడియోలకు పోవడమే. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ పెట్టండి, తెరిచిన యాప్ దాటి బయటికి పోనివ్వవు. కథలు ముందే దించి వైఫై ఆపేయడం ఇంకా తేలిక.

నవలలు పట్టే వయసొచ్చి, యూనికోడ్ ఈపబ్‌లు దొరుకుతుంటే అప్పుడు ఈ-రీడర్. కన్నడ వచ్చిన పిల్లలకు గ, న, ర, ల దాదాపు తెలిసినవే, తలకట్టు దగ్గర తడబడతారు. మొదట్లో పేజీకి పది వరసలు మించకుండా అక్షరం పెద్దది చేసి ఇవ్వండి.